రూపాయి బిళ్ళంత చోటు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి దగ్గర సుజాతమ్మ, వాకిట్లో లక్ష్మణప్ప, లోపలి గదిలో వాళ్ళ కూతురు సహన, నాయనమ్మ కెంపమ్మ. కాల్చిన కడ్డీతో వాత పెట్టే చెన్నరాయప్ప కెంచార్లహళ్ళి నుంచి రావాల్సి ఉంది. సహనకు నెలల తరబడి తల మీద ఒకేచోట, రూపాయి బిళ్ళంత మేర నొప్పి. చింతామణి పట్నంలో డాక్టరు స్కానింగు చూసి, ఇలాంటిది అరుదుగా వస్తుందని, భయం లేదని చెప్పి మాత్రలు రాసిచ్చాడు. స్కానింగులో ఏమీ లేదంటే గాలి సోకినట్లేనని లక్ష్మణప్ప తేల్చేశాడు. అవ్వ సహన జడ విప్పి చూస్తోంది.

"మళ్ళా చూపించు. యాడ?"

"ఈడ అవ్వా. పాపిటికి పక్కన."

"నిన్న చూపించిన చోటే."

"దినామూ ఆ చోటే. జరగదు, పెరగదు. చుట్టూ గీత గీసినట్ల ఉండాది. గీత దాటితే ఏమీ లేదు."

"దువ్వెన తగిల్తే చురుక్కుమంటాది."

"ఊ."

"ఉండుండి పొడుస్తాది. పొడవనప్పుడు కూడా బరువు పెట్టినట్ల ఉంటాది."

"అవ్వా, ఇదంతా నేను నీకు చెప్పలేదే."

"చెప్పింటావులే."

"చెప్పలేదు."

"మీ అమ్మకు చెప్తాంటే ఇన్నింటాను. తల ఇట్ల తిప్పు. ఆ మేర వెంట్రుకలు కూడా పల్చబడినాయి."

"నీ తల మాత్రం ఎవరినీ ముట్టనీవు. ముసుగు కూడా తియ్యవు."

"ముసిల్దాని తలలో ఏముంటాది, పేలు."

"కడ్డీ ఎర్రగా కాలుస్తారా?"

"ఆ నూనె గిన్నె ఇట్ల ఇయ్యి."

"అవ్వా, అడుగుతాండా."

"కాలుస్తారు."

"పెడితే తగ్గుతాదా?"

"తగ్గుతాదని మీ నాయన నమ్మకం."

"నీకు?"

"నాకేం తెలుసు."

"నాయనతో ఒగ మాట చెప్పవ్వా. ఆయప్ప ముందర నాకు నోరు రాదు. నువ్వు చెప్తే ఇంటాడు."

"నన్ను కాళ్ళు పట్టుకోమన్నాడు."

"ఎవరి కాళ్ళు?"

"నీవి. కదలకుండా."

"పట్టుకుంటావా?"

"కొంగు వదులు పాపా. వాకిట్లో చెప్పుల సద్దు అయితాండాది."

"పట్టుకుంటావా అవ్వా?"

"నువ్వు బయటికి రావద్దు."

"తలుపేయొద్దు. అవ్వా, తలుపేయొద్దు."

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. ఆ వెనకే అవ్వ గొంతు వినిపించింది.

"చెన్నరాయప్పా, ఆ కడ్డీ ముందు నాకు పెట్టు. ఇదో, చిన్నప్పుడు నా నెత్తిన మీ నాయన పెట్టిన మచ్చ. నొప్పి ఇంకా ఆడనే ఉండాది."