పెండనీళ్ల మార్తమ్మ

ఇంక చాలు తియ్యి అత్తా. ఎంతసేపు గట్ల గుడ్లురిమి చూస్తవ్? నువ్వు ఉరిమినా ఇవే నీళ్లు, ఉరమకపోయినా ఇవే నీళ్లు. రెక్క ఎత్తు, సంక తుడవాలె. ఎత్తరాదా? సరే, నేనే ఎత్తుత. ఎప్పుడైనా నేనే గద ఎత్తేది.

సల్లగున్నయా? ఉండనీ. నీ నీళ్లు పొయ్యి మీద పెట్టిన గని, పాస్టరుకు చాయ పెట్టాల్నని దించేసిన. తాగిండు, మంచిగున్నదన్నడు, పోయిండు. ఎంబడొచ్చిన మందిరం పిలగాండ్లు గూడ పోయిండ్రు. నిన్ను కూసోబెట్టి మోసుకపోదామని తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ గూడ పోయింది. ఆ తెల్ల గౌను చూసినవా? నీ కోసం ఇస్త్రీ చేయించి తెచ్చిండ్రు. మడత గూడ ఇప్పకుంట మళ్ల సంచిల పెట్టుకున్నరు. నీకు ఎట్లైనా వదులైతుండె అది.

ఏంది? బ్బ బ్బ నా? వినవడ్తలే అత్తా. జర గట్టిగ చెప్పు.

చెప్పలేవ్. నాకు తెల్సు.

నీ గొంతు ఎట్లుండేది అప్పుడు! చిక్కడపల్లిల ఈ గల్లీల నిలవడి నన్ను తిడుతుంటె, నారాయణగూడ చౌరస్తాల బస్సు దిగినోళ్లు గూడ ఆగి వినేటోళ్లు. పాలమూరు కెళ్లి ఇసుక తట్టలు మోయనీకి వచ్చిన ఆడోళ్లల్ల నీ అంత నోరు ఎవ్వరికి లేదని మేస్త్రీలే అంటుండిరి. నేనా? అయిదో తరగతిల పంతులు లేపి అడిగితే, తెల్సిన జవాబు గూడ గొంతుల్నే ఆగిపోయేది. ఇప్పుడు చూడు. నోరంత నాకొచ్చింది. నీకు ఒక్క బ్బ మిగిలింది.

ఆ బ్బ అర్థమేందో గూడ ఎవ్వరికి తెల్వది. నీ కొడుకు శ్రీశైలానికి తెల్వది. ఎన్నడన్న మంచం పక్కన కూసుంటె గద తెల్సేది! గుమ్మం కాడ్నే నిలవడి, 'అవ్వ తిన్నదా' అని అడిగి, జవాబు వినకముందే పనికి పోతడు. పచ్చవాతం కొట్టి నీ కుడి దిక్కు పోయిన కాడికెళ్లి నీ భాష తెల్సింది నాకొక్కదానికే. అవునంటె నీ ఎడమ చెయ్యితోటి నా మణికట్టు పట్టుకుంటవ్. కాదంటె గోడ దిక్కు మొఖం తిప్పుకుంటవ్. గంజి కావాల్నా? మణికట్టు. మందు మింగుతవా? గోడ. ఇగ అంతే మన ముచ్చట.

అందుకే పాస్టరు నన్ను అడిగిండు.

రాఘవేందర్ పాస్టరు ఏమన్నడో నువ్వు గూడ విన్నవ్ గద. 'మార్తమ్మా, బాప్తిస్మం అంటే ఊకె నీళ్లల్ల ముంచి లేపుడు కాదు. మనిషి నమ్మాలె. నమ్మిన అని సాక్షుల ముందు ఒప్పుకోవాలె. మీ అత్తకు నోరు లేదు కాబట్టి సైగ చాలు. ఆ సైగ ఏందో నువ్వు చెప్పు' అన్నడు. వంగి, నీ చెవి కాడ, పసిపిల్లను అడిగినట్టు అడిగిండు. 'బాలనాగమ్మా, యేసయ్యను నమ్ముతున్నవా అమ్మా? నీ పాపాలు ఒప్పుకుంటున్నవా? ఆయన పేర బాప్తిస్మం కావాల్నా నీకు?'

నువ్వు పట్టుకున్నవ్.

అబ్బ, ఏం పట్టుడు పట్టినవ్ అత్తా! ఇగో చూడు, గోర్లు దిగినయి. గాజు పలిగింది. తట్టలు మోసిన చెయ్యి గద, ఆ బలం ఇంక యాడికి పోలే. వణుక్కుంట, కండ్లల్ల నీళ్లు కార్చుకుంట, బ్బ బ్బ బ్బ అనుకుంట పట్టుకున్నవ్. చూసేటోళ్లకు అది భయం లెక్క కనవడ్డది. 'ఆంటీ, అవ్వ భయపడుతుందా?' అని ఒక పిలగాడు అడిగిండు.

అవు బిడ్డా అన్న. భయపడుతుంది. వద్దంటుంది. ఆమెకు ఆమె ఎల్లమ్మ చాలట, ఈ దేవుడు వద్దట పాస్టరు గారు, అన్న.

వద్దన్నది నువ్వు కాదు. నేను. ఈ ముచ్చట ఇంట్ల ఎవ్వరికి తెల్వది. నీకొక్కదానికి తెల్సు. నువ్వేమో చెప్పలేవ్.

పాస్టరు మొఖం ఇంత చిన్నగైంది. 'బలవంతం చేసి ముంచేది కాదు ఇది' అని, ఇంత ప్రార్థన చేసిండు. నేను గూడ కండ్లు మూసుకొని ఆమెన్ అన్న. ఎప్పుడు నోట్లనే అనుకునేదాన్ని, ఇయ్యాల గట్టిగ అన్న.

ఎందుకంటవా? నీకు తెల్వదా?

నేను మునిగిన దినం యాదికున్నదా నీకు? అశోక్ నగర్ హాస్టల్ల రొట్టెలు చేసేది ఉన్నదని నీకు చెప్పి మందిరానికి పోయిన. జెరాక్స్ దుకాణం ఎనక రేకుల మందిరం. పాస్టరు నిలవడి చెప్పే కాడ పలకలు లేపితే కింద సిమెంటు తొట్టి ఉంటది. నడుములోతు నీళ్లు. నా ముక్కు మీద రుమాలు పెట్టి, వీపు కింద చెయ్యి పెట్టి, తండ్రి పేర, కొడుకు పేర, పరిశుద్ధాత్మ పేర అని ఎనక్కు వాల్చిండు. చెవులల్ల నీళ్లు నిండినయి. ఏం సప్పుడు లేదు. నీ ఇంట్ల అడుగుపెట్టినప్పటి కెళ్లి నేను అంత నిమ్మళం ఎరుగను అత్తా. లోపల్నే ఉండిపోదామనిపిచ్చింది.

లేపినంక పాస్టరు చెప్పిండు. 'మునిగినప్పుడు పాత మనిషి సచ్చినట్టు, లేచినప్పుడు కొత్త మనిషి పుట్టినట్టు. ఆశమ్మ పోయింది. ఇగ నువ్వు మార్తవు.'

అక్కడ బట్టలు మార్చుకునే గదికి తలుపు లేదు, పరదానే ఉండె. సిగ్గైంది నాకు. తడి చీర మీదనే తువ్వాల కప్పుకొని ఇంటికొచ్చిన.

నువ్వు గుమ్మంల నిలవడ్డవ్. ఏందే ఇది అన్నవ్. పిచ్చిదాన్ని, సంతోషం ఆగక చెప్పిన. అత్తా, పాత ఆశమ్మ నీళ్లల్ల సచ్చిపోయిందట, అని.

నవ్వినవ్ నువ్వు. 'సచ్చిందా? ఐతే మైల గద! సావు కాడ్నుంచి వచ్చినామె నీళ్లు పోసుకోకుంట ఇంట్లకు ఎట్లొస్తదే?' అన్నవ్. పాలోళ్ల కొట్టంల కెళ్లి పెండ తెచ్చి బకీట్ల కలిపినవ్. గల్లీ గల్లీని పిలిచినవ్. నా మీది తువ్వాల గుంజేసి, నడి తొవ్వల కూసోబెట్టి, నెత్తి మీద చెంబు తోటి పోసినవ్. ఎల్లమ్మ పేర, మైసమ్మ పేర, పోచమ్మ పేర. 'వాళ్లయి మూడు పేర్లైతే మనయి లేవా?' అన్నవ్. అందరు నవ్విండ్రు. తెల్ల చీర ఒంటికి అతుక్కపోయింది. చికెన్ దుకాణం కాడి మొగోళ్లు కోడిని తూకం కాడ్నే ఇడిచిపెట్టి చూసిండ్రు. నా మొగడు బీడీ ముట్టిచ్చుకొని అటు తిరిగిండు.

'ఇగో, పెండ మార్త!' అన్నది ఎదురింటి నర్సింహమ్మ.

గదే పడ్డది. పాస్టరు పెట్టిన పేరు మందిరం దాకనే. బయట నేను పెండ మార్తనే. కూరగాయల బండాయన గూడ, పాపం ఎందుకు పిలుస్తున్నడో తెల్వక, 'పెండ మార్తక్కా, టమాటలు కావాల్నా' అని పిలుస్తడు. తల వంచుకొని తీసుకుంట.

ఆ దినం కెళ్లి నేను ఈ గల్లీల నెత్తి ఎత్తి నడవలే అత్తా. నువ్వు చూసినవ్ గద. చూసి నవ్వినవ్ గద.

మెడ జర ఇటు. ఇటు అంటున్న.

మరి నిన్ను ఈ బాట పట్టిచ్చింది ఎవరు? నేనే! నువ్వు మంచాన పడ్డంక రోజు పొద్దుగూకినంక నీ పక్కన కూసొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంట బైబిలు వాక్యం చదివింది నేనే. భక్తి అనుకున్నవా? కాదు. నువ్వు గోడ దిక్కు తిరుగుతుంటివి, నేను కావాల్ననే గొంతు పెంచి చదువుతుంటి. లేచి పోలేవు, చెవులు మూసుకోలేవు, తిట్టలేవు. వినాల్సిందే. నాకు మస్తు మజా ఉండేది.

తర్వాత ఒకనాడు హాస్టల్ల పని ఎక్కువై అలిసిపోయి చదవలే. నువ్వే బైబిలున్న నా సంచి దిక్కు చెయ్యి చూపిచ్చినవ్. చదువుమని. చదివిన. ఏడ్చినవ్. నీ ఏడుపు చూసి నాకు సంతోషం కావాలె గద? మందిరంల చెప్తే అందరు చప్పట్లు కొడుతుండిరి గద? నాకు కడుపుల మంట లేచింది.

ఎందుకంటె, బాప్తిస్మం తోటి అన్ని పోతయట. మా హాస్టల్ పోరగాండ్లు సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతరు గద, ఒక్క జవాబు తప్పైతే వచ్చిన మార్కులల్ల గూడ కోత పడ్తదని పరేషాన్ అయితరు. దేవుని కాడ కోత లేదట. ఎంత గలీజు ఉన్నా ఒక్కసారే కొట్టేస్తడట.

మంచిగనే ఉన్నది నీకు! తొట్టిల ముంచుతరు, బాలనాగమ్మ సచ్చిపోతది, ఇంకో బాలనాగమ్మ తెల్లగ లేస్తది. మరి నా నెత్తి మీద పెండనీళ్లు పోసిందెవరు? ఎవ్వరు లేరు! పోసినామె నీళ్లల్ల సచ్చిపాయె. నేను ఎవరిని అడగాలె? ఎవరి మొఖం చూసి ఏడ్వాలె? నువ్వు కడుక్కొని పోతవ్, ఆ కంపు నా నెత్తిలనే ఉంటది. ఇదేం న్యాయం, చెప్పు.

ఐనా నీకు ఒక్క తొవ్వ ఇడిచిపెట్టిన. లేదనకు. నిన్న పొద్దుగూకినంక అడిగిన గద. 'అత్తా, రేపు పాస్టరు వస్తడు. దేవుని కాడ ఒప్పుకునే ముందు నా కాడ ఒప్పుకో. ఆ దినం నువ్వు చేసింది తప్పేనా? తప్పైతే పట్టుకో' అన్న. నా చెయ్యి నీ చేతిల్నే పెట్టిన.

గోడ.

గోడ దిక్కు తిరిగినవ్ అత్తా! ఆకాశంల ఉన్నోనికి ఒంగుతవ్, పియ్యి ఎత్తేదానికి ఒంగవు. చాలాసేపు తిరిగే ఉన్నవ్. పొగరుతోటి తిరిగినవో, సిగ్గుతోటి తిరిగినవో... నీ సైగలన్ని తెల్సిన నాకు గదొక్కటి తెల్వలే. తెల్సుకుందామనుకోలే గూడ. ఆ పక్కకు వంగి నీ మొఖం చూస్తే తెల్సిపోతుండె. చూడలే.

సరే, అయిపోయింది. డాక్టరు ఏమన్నడో విన్నవ్ గద. గంజి గూడ దిగుతలేదు నీకు. పాస్టరు వచ్చే ఐతారం మళ్ల వస్తనన్నడు. అప్పటిదాక ఉంటవో ఉండవో. ఉన్నా నేను మళ్ల వద్దంటుందనే చెప్త. ఎన్నిసార్లు పట్టుకుంటవో పట్టుకో. గోర్లు తీస్త ఇయ్యాల.

కాకపోతే పాస్టరు పోతుపోతు గుమ్మం కాడ ఒక మాట అన్నడు. నీకు వినవడ్డదో లేదో. 'యేసయ్య పక్కన సిలువ మీద దొంగ ఉండె గద మార్తమ్మా. ఆ దొంగను ఎవ్వరు ముంచలే. దిగి మునిగే టైం యాడిది? ఐనా పరదైసుకు, దేవుని కాడికి, పోయిండు. మీ అత్త మనసుల ఏమున్నదో దేవునికి తెల్సు. నువ్వు రంది పెట్టుకోకు' అన్నడు. నా మీద జాలిపడి అన్నడు!

అప్పటికెళ్లి నాకు ఎట్లనో ఉన్నది.

అంటే నేను వద్దన్నా నీది ఆగదా? నీళ్లు లేకున్నా నువ్వు పోతవా? మరి నేను చెప్పిన అబద్ధం ఎవరికి తాకింది?

ఆ దినం నా మీద రెండు నీళ్లు పడ్డయి అత్తా. ఒకటి తొట్టిల, ఒకటి తొవ్వల. ఏ నీళ్లు నిలిచినయో నాకు తెల్వక ఇన్నేండ్ల నుంచి ప్రార్థనల గూడ నెత్తి వాసన చూసుకుంటున్న. ఇయ్యాల తెల్సింది. సాక్షుల ముందు నిలవడి, అబద్ధం చెప్పి, ఆమెన్ అన్న గద. అప్పుడు తెల్సింది. నువ్వు పోసినయే నిలిచినయి. గట్టిగనే పోసినవ్.

ఇంకోటి యాదికొచ్చింది. దేవుని కాడ అందరికి అన్ని తిరిగి వస్తయట. కుంటోళ్లు నడుస్తరట, మూగోళ్లు మాట్లాడుతరట. అంటే నీ నోరు నీకొస్తది. ఆ పాత నోరే. నిన్ను నిలవెట్టి అడుగుతడు ఆయన, 'బాలనాగమ్మా, నువ్వెందుకు మునగలే?' అని.

చెప్తవా? నా పేరు చెప్తవా? మార్త అంటవా, పెండ మార్త అంటవా? ఈ గల్లీల పిలిచినట్టే అక్కడ గూడ అందరిని పిలిచి చెప్తవా?

నవ్వకు. నవ్వుతలేవా? వంకర మూతి గద, నాకు గట్ల కనవడ్డది.

చెప్పనంటె పట్టుకో. ఇగో, పెట్టిన నీ చేతిల. పట్టుకో జర.

ఏందత్తా... పొద్దుగాల గాజు పలగగొట్టినవ్, ఇప్పుడు బలం లేదా? పోనీ గోడ దిక్కన్న తిరుగు. చెప్తనని అన్నట్టైనా తెల్సుకుంట.

తిరగవ్. పట్టుకోవ్. రెప్పలాడిచ్చుకుంట ఊకె నా దిక్కే చూస్తవ్.

మంచిది. చూడు, కడుపునిండ చూడు. బకీట్ల ఇంక చెంబెడు ఉన్నయి. బోర్ల దొర్లు, వీపు తుడవాలె.