పద్దెనిమిదో చాప్టర్లో వాన

1984 జులై, ప్లేనో. రచయిత్రి డోరతీ అంత్యక్రియల నుంచి కారులో తిరిగొస్తున్నారు ఇద్దరు స్నేహితురాళ్ళు: ఆవిడ టైపిస్టు వసుమతి, ఆసుపత్రి నర్సు జయంతి.

"నాకు పాపం చుట్టుకుంటుందే, జయంతీ."

"మళ్ళీ మొదలెట్టావా!"

"ఆవిడకి క్యాన్సరని నువ్వు నాకు చెప్పావు. నేను ఆవిడకి చెప్పలేదు. చెప్పుంటే నవల తొందరగా పూర్తి చేసుకునేది కదే! ప్రతి మంగళవారం వెళ్ళి, 'తొందరేం లేదండీ, మెల్లిగా చెప్పండి, టైప్ చేస్తా' అనేదాన్ని."

"వసూ, అదికాదు—"

"ఆవిడేమో నవ్వించేది. 'ఇద్దరు మొగుళ్ళు, పదకొండు నవలలు. నవలలకే ముగింపు బాగా కుదిరింది' అనేది. ఆస్ట్రేలియా వదిలి ఈ టెక్సస్‌కి ఎందుకొచ్చారంటే, 'అక్కడి ఈగలు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయి' అంది. పగలబడి నవ్వి, బాత్రూంలోకెళ్ళి ఏడ్చేదాన్ని. పన్నెండోది పద్దెనిమిదో చాప్టర్ దగ్గరే ఆగిపోయింది. నాలుగు నెలలు అదే చాప్టర్! ఒక వారం వాన తీసెయ్ అనేది, పై వారం వాన పెట్టు అనేది."

"ఆవిడకి తెలీదని నీకెవరు చెప్పారే?"

"ఎవరైనా చెప్తారా అలాంటివి? మా నాన్నకి చివరిదాకా అల్సరనే చెప్పాం."

"అది గుంటూర్లో. ఇక్కడ డాక్టర్ ముందు పేషెంట్‌కే చెప్తాడు. ఫిబ్రవరిలోనే చెప్పాడు. నేను పక్కనే ఉన్నా."

"ఫిబ్రవరిలోనా! మరి నాతో ఒక్క ముక్క అనలేదేం నువ్వు?"

"తనకి తెలుసని నీతో అనొద్దని ఒట్టేయించుకుంది. అదిగో, ఆ కవరు తీసుకో. అంత్యక్రియలయ్యాకే నీకివ్వమంది."

"ఏంటిది... చివరి చాప్టరా? ఇది నేను కొట్టింది కాదే. లైనుకి మూడు తప్పులు."

"రెండు వేళ్ళతో తనే కొట్టుకుంది. మార్చిలోనే పబ్లిషర్‌కి పంపేసింది."

"అయిపోయిందా? మరి నాతో ఆ వాన... అన్నన్ని సార్లు..."

"అడుగున చీటీ ఉంది చూడు."

"నాకు అక్షరాలు కనబడట్లేదే. నువ్వు చదువు."

"ఉండు, కారు పక్కకి ఆపనీ. 'వసుమతీ, నీకు అబద్ధమాడ్డం బొత్తిగా రాదు. నా జబ్బు సంగతి నీకు తెలిసిందని ఆ మొదటి మంగళవారమే నీ ముఖం చూసి కనిపెట్టాను. పుస్తకం అయిపోయిందంటే ఇక రావేమోనని, నేనూ ఒకటి ఆడాను.'"