జీపుకు కొమ్ము పెట్టిన ఉసేనమ్మ

ఉసేనమ్మ అని ఒకామె ఉండేదప్పా బండలపల్లెలో. జీపు తోలేది. ఆడామె జీపు తోలడమేందని ఇప్పుడు మీరు చూస్తాండారే, అట్లనే అప్పుడు ఊరంతా చూసిందంట. రెండు నెల్లు పోయినాక చూసినోళ్లందరూ ఆ జీపులోనే ఎక్కి కూర్చున్నారు, అది వేరే సంగతి. ఆ జీపు ఆమె మొగుడు దస్తగిరిది. నాపరాళ్ల గనిలో బండ జారి కాలి మీద పడి, క్లచ్చి తొక్కే కాలు పనికిరాకుండా పోయింది ఆయనకు. అప్పటికి ఈమె పదేండ్లుగా బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలికి పోతాండాది. కూలి మానేసి స్టీరింగు పట్టుకునింది. మొగుడు పక్క సీట్లో కూర్చోని చెప్తాంటే నేర్చుకునింది. నేర్చుకున్నాక గూడా ఆయన ఆ పక్క సీటు వదల్లేదనుకో, యాడికి పోయినా జతగానే పోయేవాళ్లు.

బండలపల్లె నుంచి కనుమ ఎక్కితే పైన గొర్లదొడ్డి అని ఊరు. ఏడు మలుపులు ఎక్కాల. బస్సు లేదు. ఉసేనమ్మ జీపో, లేదంటే నాగశేషుడు అని ఒకాయన కొత్తగా కొన్న వ్యానో, అంతే. ఏమైందంటే, ఆ జీపు కనుమ ఎక్కడం మానేసింది. కింద చదునులో బాగానే పోతాది. మూడో మలుపు కాడికి వస్తానే నల్లటి పొగ ఊది, రొప్పి, నిలబడిపోతాది. జనం దిగి నడిస్తే ఖాళీ జీపు ఎట్లో పైకెక్కేది, పైన మల్ల అందరూ ఎక్కేది. ఎంత అలవాటైపోయిందంటే, మూడో మలుపు వస్తే ఎవరూ చెప్పకుండానే దిగేవాళ్లంట, స్టేజీ వచ్చినట్టు. పోను పోను, దిగి నడిచేది ఎవరికి ఇష్టం, జనం నాగశేషుని వ్యాను కోసం కాచుకోవడం మొదలుపెట్టినారు.

రోడ్డు మీద జిలాని అని మెకానిక్కు ఉండాడు. పని తెలిసినోడే. బోనెట్టు ఎత్తి, పొగ చూసి, అక్కా, ఇంజనుకు వయసైపోయింది, దించి కొత్తది పెట్టాల, లేదంటే పాత ఇనుముకు ఇచ్చెయ్ అన్నాడంట. ఉసేనమ్మ ఒకసారి కనుమ దిక్కు చూసింది. మల్ల అనింది, “జిలానీ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇదే జీపు నాలుగో మలుపు దాకా పోతాది. మధ్యాన్నం ఎండలో రెండో మలుపుకే రొప్పుతాది. వయసైపోయిన ఇంజనుకు పొద్దున ఒక వయసు, మధ్యాన్నం ఒక వయసు ఉంటాదా?” జిలాని మల్ల బోనెట్టు లోపలికి వంగినాడు. “సరే, నల్ల పొగ అంటే ఏంది చెప్పు” అని ఆమే అడిగింది. “డీజిలు సగమే కాలి బయటికొస్తాదక్కా.” “పొయ్యిలో కట్టె సగం కాలి పొగ వస్తే ఏం చేస్తాం?” “ఊదుతాం.” “మరి దీనికి ఊదేదెట్లనో చూడు. ఇంజను తర్వాత దించుదువులే.”

అట్లని ఊరికే చెప్పి పోయే మనిషి కాదామె. ఇంజను తిరుగుతాంటే గాలి పీల్చుకునే గొట్టం మూతి కాడ చెయ్యి పెట్టింది. చెయ్యి కాలింది. ఎందుకంటే దాని కిందనే సైలెన్సరు గొట్టం, ఎర్రగా కాగి ఉండాది. ఆ వేడిగాలే ఇంజను లోపలికి పోతాంది. ఫిల్టరు విప్పింది. ఎవరో ఎప్పుడో చిన్న కారుది తెచ్చి బిగించినారు, అరచేతి అంత ఉండాది. దాని మీద రాతిపొడి, గోడకు సున్నం పట్టినట్టు. మన పక్క దుమ్ము మీకు తెలీనిదేముంది, చెట్లు గూడా తెల్లగానే ఉంటాయి. ఉసేనమ్మ ఫ్యాక్టరీలో పదేండ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోని పనిచేసింది కదా. సాయంత్రానికి ఆ గుడ్డ గట్టిబడి గాలి ఆడక తల తిరిగేది. ఆ ఫిల్టరు చేతిలో పట్టుకోని, “ఇంతకాలం జీపును ఇట్ల ఊపిరాడకుండానే కనుమ ఎక్కిచ్చినామే” అని మొగునితో అనిందంట.

ఇంక చూస్కో. పాత సామాను కొట్టుకు పోయి, విరగ్గొట్టిన లారీలో నుంచి పెద్ద ఫిల్టరు డబ్బా ఏరి తెచ్చింది, నీళ్ల బిందె అంత. మూడు అంగుళాల ఇనుప గొట్టం తెచ్చింది. జిలాని చేత వెల్డింగు పెట్టిచ్చి, గొట్టాన్ని ఇంజను పక్క నుంచి బయటికి తీసి, ముందర అద్దం పక్కన నిలువుగా పైకి ఎక్కిచ్చి, కప్పుకు జానెడు ఎత్తున పుట్టగొడుగు మాదిరి ఒక టోపీ పెట్టిచ్చింది. పైన గాలి చల్లగా ఉంటాది, దుమ్ము తక్కువుంటాది, అదీ ఆమె లెక్క. లెక్క బాగుండాది గానీ, మొదటి దినం జీపు రెండో మలుపు గూడా ఎక్కలేదు. ఉన్న ఊపిరి గూడా పోయింది. జిలాని, నేను చెప్తే విన్నావా అక్కా అన్నాడు. ఆమె ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, తొక్కు అనింది. తొక్కినాడు. ఈమె బోనెట్టు కింద తల పెట్టి చూస్తే, ఇంజనుకు కలిపిన రబ్బరు గొట్టం ఆ పీల్చే జోరుకు బోసినోటి ముసలామె చెంపల మాదిరి లోపలికి అతుక్కపోతాంది. దొరికింది కదా. లోపల కమ్మి చుట్టిన గొట్టం తెచ్చి ఏసినారు.

అప్పుడు ఎక్కింది జీపు. అయినా ఉసేనమ్మ నమ్మలేదు. ఫిల్టరు దాటినాక గొట్టం లోపల వేలితో నల్ల గ్రీసు పూసి పెట్టింది. ఎందుకంటారా? యాడన్నా సందు నుంచి దుమ్ము దూరితే గ్రీసుకు అతుక్కుంటాది. మూడు దినాలకు చూస్తే తెల్లగా ఉండాది. క్లాంపు సరిగా పట్టలేదు, మార్చింది. మల్ల మూడు దినాలకు చూసింది, వేలు పెడితే నల్ల గ్రీసు నల్లగానే వచ్చింది. అప్పుడు గానీ బోనెట్టు దించలేదు.

ఊరోళ్లు జీపుకు కొమ్ము మొలిచిందని నవ్వినారు. నాగశేషుడైతే, “వదినా, కొమ్ము పెట్టినావు, తోక ఎప్పుడు పెడతావు?” అన్నాడంట. “తోక ఉండాది నాయనా, నువ్వు ఎనకాల వస్తావు కదా, అప్పుడు కనపడతాది” అనింది.

ఆ ఏడు వానలు తొందరగా పడినాయి. తొలి వానకు లేత గడ్డి మొలుస్తాది, గొర్లు ఆత్రంగా మేస్తాయి, చిటుకు రోగం తగులుకుంటాది. చిటుకేసినంతలో చచ్చిపోతాయి, అందుకే ఆ పేరు. గొర్లదొడ్డి నుంచి గిడ్డయ్య అని ఒకాయన తెల్లారకముందే బయల్దేరి పరిగెత్తుకుంటూ దిగినాడు. రెండు దినాల్లో పదకొండు పోయినాయి, పైన మూడువేలు ఉండాయి అని పశువుల డాక్టరు ముందర నిలబడినాడు. డాక్టరు విరూపాక్షయ్య టీకామందు ఐసుపెట్టెలో సర్దుకోని, మధ్యాన్నం దాటితే ఐసు కరిగిపోతాది, మందు పనికిరాదు, పదండి అని నాగశేషుని వ్యాను ఎక్కినాడు. కొత్త బండి కదా, ఎవరైనా అదే ఎక్కుతారు. సూదులేసే మనుషులిద్దరూ, గిడ్డయ్యా ఉసేనమ్మ జీపులో ఎనకాల బయల్దేరినారు.

కనుమ కింద వాగు పారతాంది. నాగశేషుడు వ్యాను నిలిపేసినాడు. పిరికోడు కాదు, ఉన్న మాటే చెప్పినాడు. “సార్, నా బండి గాలి పీల్చేది ముందర బంపరు కాడ. నీళ్లు లోపలికి పోయినాయంటే ఇంజను పట్టేస్తాది. నేను దించను.” డాక్టరు ఐసుపెట్టె మూత ఎత్తి చూసి మల్ల మూసినాడు. నడిచి పోతే మూడు గంటలు. ఉసేనమ్మ చీర ఎగ్గట్టి, కట్టె పట్టుకోని వాగులోకి దిగింది. ఆ గట్టు దాకా పోయి వచ్చింది. తొడ లోతు, అడుగున గులకరాయి, ఈడ్చుకపోయే జోరు లేదు.

“పోతాదా ఉసేనమ్మా?” అన్నాడు డాక్టరు.

“పోతాది సార్.”

“ఇంజను తడిస్తే?”

“బయట తడిస్తే తడవనీ సార్. ఇది లోపలికి పీల్చే గాలి మీ తల కన్నా పై నుంచి వస్తాండాది.”

నీళ్లు చిమ్మకుండా ఫ్యాను బెల్టు ఊడదీసింది. డాక్టర్ని జీపు ఎక్కిచ్చి, పెట్టె గిడ్డయ్య ఒళ్లో పెట్టింది. నాగశేషుడు వ్యాను తాళం జేబులో ఏసుకోని, తోయాల్సి వస్తే ఒక చెయ్యి ఉంటాదిలే వదినా అని ఎనకాల ఎక్కినాడు. ఉసేనమ్మ ఒకటో గేరు ఏసి, ఎక్సలేటరు తొక్కిన కాలు ఎత్తకుండా జీపును వాగులోకి దించింది. నీళ్లు పాదాల మీదికి వచ్చినాయి. బోనెట్టు అంచు తాకినాయి. చెవి మాత్రం ఇంజను మీదనే పెట్టింది. ఇంజను చప్పుడు మారలేదు, ఒకటే మోత. ముందర చక్రాలు గట్టు పట్టుకున్నాయి. ఎక్కింది.

బెల్టు తగిలిచ్చి కనుమ మొదలుపెట్టినారు. ఏడుగురు ఉండారు జీపులో. మూడో మలుపు వచ్చింది. గిడ్డయ్య పెట్టె పక్కాయన చేతికిచ్చి కాలు కింద పెట్టబోయినాడంట. “యాడికి?” అనింది. “మూడో మలుపు కదక్కా.” “కూర్చో” అనింది, రెండో గేరులోనే తిప్పింది. అద్దంలో చూస్తే ఎనకాల పొగ పలచగా, తెలిసీ తెలీనట్టు ఉండాది. అయిదో మలుపు కాడ దస్తగిరి మెల్లగా అన్నాడు, “నేను తోలేటప్పుడు గూడా దీనికి ఇంత ఊపిరి లేదు ఉసేనా.” ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. స్టీరింగు మాత్రం ఇంకొంచెం గట్టిగా పట్టుకునింది.

పైకి పోయేసరికి ఐసు ఇంకా గడ్డగానే ఉండాది. పొద్దుగూకే దాకా సూదులేసినారు. టీకా పట్టేలోపల ఇంకో ఇరవై దాకా పోయినాయి, అబద్ధం ఎందుకు చెప్పాల. మిగిలిన మంద మాత్రం నిలబడింది. ఆ మరుసటి వారం నాగశేషుడు జిలాని షెడ్డు కాడ నిలబడి, నా వ్యానుకు గూడా వదిన మాదిరి పెట్టు అన్నాడంట. ఏం సిగ్గుపడలేదు.

ఇదప్పా సంగతి. ఇంజను కొత్తది కాలేదు, ఉన్న ఇంజనే, దాని బలం దాన్ని చూపిచ్చుకోనిచ్చింది ఉసేనమ్మ, అంతే. ఇప్పుడు మన పక్క కొమ్ము లేని జీపే లేదు. మొన్న ఒక పిల్లోడు నున్నగా రంగేసిన కొమ్ముతో వచ్చినాడు, నేను బోనెట్టు ఎత్తమన్నా. ఎత్తినాడు. ఆ గొట్టం బయట తలుపు రేకుకు నాలుగు స్క్రూలతో బిగిచ్చి ఉండాది, ఇంజనుకు గాలి పోయే బెజ్జం గూడా లేదు. ఏందిరా ఇది అంటే, స్టైలు తాతా అన్నాడు.