గిన్నెకు మాటు

మూడు నెలల కింద కొడుకు అశోక్ చనిపోయాడు. కోడలు ఉష విషం పెట్టిందని చిన్నపోలయ్య కేసు పెట్టాడు. ఇవాళ రమ్మని కబురొస్తే స్టేషనుకొచ్చి ఎస్సై ముందు నిలబడ్డాడు.

“ల్యాబు కాగితం వచ్చిందంట గదా సారూ?”

“వచ్చింది. కూర్చో పెద్దాయనా.”

“నిలబడతాలే. విషమేనా?”

“విషమే.”

“నేను చెప్పలా! ముసలోడు వాగతన్నాడన్నారు మీరు. పట్టుకురాండి దాన్ని.”

“ఆగు. నీ కొడుకు ఎముకలో సీసం. వెంట్రుకలో కుదురు నుంచి కొస దాకా సీసం. అంటే ఒకరోజు పెట్టింది కాదు. నెలల తరబడి తిన్నాడు.”

“సీసమా?”

“మీ వలలకు కట్టే గుండ్లు, అదే.”

“గుండు ఎవుడన్నా తింటాడా సారూ? చేపలు కరువా మాకు?”

“గుండు తినక్కర్లా. పులుపు తగిలితే కొంచెం కొంచెం కూరలో దిగుతుంది. రంగు తెలీదు. కాస్త తియ్యగా కూడా ఉంటుందంట.”

“తియ్యగానా?”

“ఏం, అట్టా అడుగుతున్నావు?”

“ఏం లేదు.”

“మీ ఇంట్లో పులుసు దేంట్లో పెడతారు?”

“సత్తు గిన్నెలో.”

“మంచిదేనా?”

“మంచిదే. అడుగున చిల్లి పడింది, అంతే.”

“చిల్లి గిన్నెలో పులుసెట్టా నిలిచింది?”

“మాటేసినా.”

“దేంతో?”

“సర్కారు సముద్రంలో వేట ఆపిన రెండు నెలలూ ఖాళీనే గదా. వల గుండు ఒకటి తీసి చిల్లికి పెట్టి, రెండుపక్కలా సుత్తితో కొట్టినా. మెత్తటిది. ఇట్టే అణిగిపోతాది. తుప్పు పట్టదు.”

“పులుసు ఆ పూటే తినేస్తారా?”

“నెల్లూరోళ్ళయ్యుండి అడగతన్నారే! రాత్రి పెట్టింది పొద్దున్నేగా రుచి. అశోకుకి అదుంటే ఇంకేం వద్దు.”

“నువ్వు?”

“నాకు కడుపులో మంట. మజ్జిగన్నమే.”

“ఉష?”

“మేం తిన్నాక... అడుగున మిగిలింది ఊడ్చుకుని తినేది. కడుపునొప్పి, కడుపునొప్పి అనేది. నాటకమన్నా.”

“గిన్నె ఇప్పుడెక్కడుంది?”

“ఆ రోజు మీరు పురుగుమందు డబ్బా వెతికినారు. గిన్నె అడగలా.”

“ఇప్పుడడుగుతున్నా. ఎక్కడ?”

“వెళ్ళగొట్టేటప్పుడు బట్టలమూటతో పాటు వీధిలోకి విసిరేసినా. ఏరుకుని, వాళ్ళమ్మగారింటికి పట్టుకపోయింది.”

“పెద్దాయనా!”

“ఫోన్ చెయ్యండి సారూ. బిరీన చెయ్యండి. అప్పటికే ఆ పిల్లకి మూడో నెల కడుపు.”