మూట మీద ఊరి పేరు

ఏటీ, కౌముది పంపిందా నిన్ను? నా కాడికే? "ఇంటర్న్‌షిప్పు సంగతి ఆనంద్‌ని అడుగు, బాగా సెప్తాడు" అందా? ఓలమ్మో, ఏం దయ, ఏం దయ! సెలెక్టయింది తనా, సలహాలు సెప్పీది నేనా?

కూర్చో విశాలీ, ఆ స్టీలు బిందెలు పక్కకి జరిపి కూర్చో. నాన్న భోజనానికెళ్ళేరు, వచ్చీలోగా సెప్పీస్తాను. మీ నాన్నకి మాత్రం నేనిలగ వాగేనని సెప్పకు. గంగరాజు బాబాయి వింటే రేపటికి నరసన్నపేట బజారంతా నవ్వుతాది.

రాసుకోడానికి పుస్తకం కూడా తెచ్చేవా? రాసుకో మరి. ఓపెన్ సోర్సంటే ఏటి? సాఫ్ట్‌వేర్ లోపలున్నదంతా అందరికీ కనబడతాది, ఎవడైనా బాగుసెయ్యొచ్చు. అప్లికేషన్ పెట్టీముందే ఏదో ఒక సిన్న తప్పు పట్టుకుని బాగుసేసి సూపించాలి. అప్పుడు గానీ వేసవిలో పనివ్వరు, స్టైపెండివ్వరు.

పోయినేడు నేనూ, మా క్లాసు కౌముదీ ఒకే మ్యాపుల ప్రాజెక్టుకి అప్లికేషన్ పెట్టేం. ఒక్కరినే తీసుకుంటారు. ఆ మ్యాపు మన నౌపడ ఉప్పుమడుల్ని సముద్రంలో కలిపీసింది, సూసేవా? మొత్తం నీలం! ఆ తప్పు ముందు పట్టుకున్నదెవరు? నేను! రైల్లో నౌపడ దాటుతుంటే కిటికీలోంచి తెల్లగా ఉప్పు కుప్పలు కనబడతన్నాయి, ఫోన్లో సూస్తే నేను నీళ్ళ మీద పోతన్నాను.

మరి ఎవరికైనా సెప్పేనా? సెప్పలేదు. ఎలగ సెప్తాను? ఈ కొట్లో పుట్టి పెరిగినోణ్ణి. లారీ దిగిన గోనె మూట మీద సిరాతో రాసిన ఊరి పేరు తడిగుడ్డతో పామి పామి తుడిపీడమే సిన్నప్పుడు నా పని. "సరుకెక్కడ దొరుకుతాదో పక్కోడికి తెలిసిన్నాడు మన కొట్టుకి తాళమేరా" అనీవారు నాన్న. పక్కోడంటే మీ నాన్నే, గంగరాజు బాబాయే, ఏం అనుకోకు.

అందుకని తలుపేసుకుని సేసేను. సినిమా లేదు, పెళ్ళి లేదు, పేరంటం లేదు. ఒక్క ముక్క ఎవర్నీ అడగలేదు. అంతా అయ్యాక ఒక్కసారే బయటకి తీసి అందరి నోళ్ళూ మూయిద్దామని.

ఈలోగా కౌముదేం సేసింది? తనకీ అదే తప్పు కనబడ్డాది. కనబడిన రోజే అందరూ సూసీ సోట రాసీసింది, "ఇది తప్పనిపిస్తన్నాది, ఎందుకో తెలీదు, నేను సూస్తాను" అని. తెలీదట! అలగ ఎవరైనా రాసుకుంటారా? పోనీ అక్కడితో ఆగిందా? బాగుసేస్తానని పోయి వంశధారని మాయం సేసీసింది! మ్యాపులో నది నదంతా పోనాది! దేశదేశాలోళ్ళు సూసేరు. నేను కడుపుబ్బ నవ్వుకున్నాను, అబద్ధమెందుకు. తను ఇది తేల్చీసరికి నా పని అయిపోతాదిలే అనుకున్నాను.

నువ్వే సెప్పు, సిగ్గుండొద్దూ? "తప్పయింది, నది ఎక్కడ పోయిందో ఎవరైనా సెప్పండి" అని మళ్ళీ రాసింది! సెప్పేరు మరి. ఎక్కడెక్కడోళ్ళో వచ్చి, దగ్గర కూర్చోబెట్టి సెప్పినట్టే సెప్పేరు.

ఆవిడికి సిగ్గెలగుంటాది? గజపతినగరంలో వాళ్ళింటికోసారి క్లాసోళ్ళమంతా వెళ్ళేం. వాళ్ళ నాన్న వేంకటాచలం మాస్టారు సంగీతం నేర్పుతారు. మేమందరం సూస్తుండగా పాడింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ "గాంధారం దిగిపోయిందే!" అని అరిసింది. నేనైతే ఆ పూట భోజనం మానీసి బస్సెక్కుదును. తను "అవునమ్మా" అని మళ్ళీ పాడింది. వీధి వీధంతా విన్నాది. పుట్టిన్నాటి నుంచీ ఊరు వినగా తప్పులు పాడిన గుంటకి, వంశధార పోతే ఒక లెక్కా?

అప్లికేషన్లకి ఆఖరి రోజున నా సరుకు దింపేను. ఒక్క తప్పు లేదు విశాలీ, ఒట్టు! జవాబేమొచ్చిందో తెలుసా? "బాగుంది. కానీ ఈ పని కౌముది ఇప్పటికే మాతో కలిసి సేస్తన్నాది. ముందే సెప్పుంటే ఇద్దరూ కలిసి సేసీవారు కదా" అని. అంతే. నేనెవణ్ణో వాళ్ళకి తెలీదు. తనేమో వాళ్ళింట్లో పిల్లయిపోనాది.

అసూయంటావా? అసూయే! ఇప్పటికీ మ్యాపులో ఆ ఉప్పుమడులు తెల్లగా కనబడితే నా కడుపు మండిపోతాది. పైగా తను మంచిది, అదీ నా ఏడుపు. సెడ్డదైతే హాయిగా తిట్టుకుని పడుకుందును. నిన్ను కూడా పంపింది సూడు, ఏ పొరపొచ్చం లేకండా!

నాకిదే ఆఖరి ఏడు. ఈసారి గానీ రాకపోతే నాన్న ఈ గల్లాపెట్టి కాడ కూర్చోబెట్టీస్తారు. బతికినన్నాళ్ళూ బిందెలు తట్టి "సొట్ట లేదమ్మా, సూసుకోండి" అనాలి.

అందుకే సెప్తన్నాను. దాసుకోకు. తెలీకపోతే తెలీదని అందర్లోనూ అను. సగం పనైనా సూపించు, నవ్వీవోళ్ళు నవ్వుతారు. ఏం పట్టుకున్నావో మొదటి రోజే సెప్పీ. మూట మీద పేరు తుడపకు. నన్ను సూసి బుద్ధి తెచ్చుకో.

రాసుకున్నావా? మంచిది.

ఏటీ? ఈసారి నేనేం పట్టుకున్నానా? అదీ... ఏదో ఉన్నాదిలే. సిన్నదే. మొన్న దొరికింది. ఇంకా ఎవరి కంటా పడలేదు.

ల్యాప్‌టాప్‌కేసి అలగ తొంగి సూడకు. ఇదిగో, మూసీసేను. నవ్వకే! నీకు సెప్పినవన్నీ నిజమే, నాన్న మీద ఒట్టు. అయితే మాత్రం, పక్క కొట్టు గంగరాజు గారి అమ్మాయివి, నీకెలగ సెప్తానే?