ఫ్రీజర్‌లో బతుకమ్మ

"అసలది బతుకమ్మ కాదని చెప్పేస్తే?"

"మరేందని చెప్తం అన్నా? గోబిపువ్వు అందామా?"

శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. గల్ఫ్‌లో, తుబ్లీ అనే ఊళ్లో వడ్రంగి వర్క్‌షాపు మీదున్న గదిలో తెలుగు సంఘం అధ్యక్షుడు భీమరాజు, కార్యదర్శి లచ్చన్న ఒకే ఫోనులోకి తలలు దూర్చి చూస్తున్నారు. ఎన్నిక నాలుగింటికి, కిందనే. పదవి మళ్లీ తనకే రావాలని భీమరాజు కొత్త చొక్కా వేసుకొని, ఇస్త్రీ నలిగిపోతుందని పొద్దుటి నుంచి కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"ఫొటో సరిగ్గా లేదు కదయ్యా. మసగ్గా ఉంది."

"ఏం మసక? బంతిపూలు పచ్చగ కనవడ్తున్నయ్. పక్కకు చేపల కవరు కనవడ్తుంది. చేప కన్ను గూడ కనవడ్తుంది."

"ఎవడు తీశాడో ఈ ఫొటో."

"మెస్సుల వంటాయన. మొన్న ఆదివారం కోడి కోసం ఫ్రీజర్ తెరిస్తె లోపట బతుకమ్మ కూసున్నదట. భయపడి దండం వెట్టుకున్నడు."

"దండం పెట్టాడా. మంచోడే."

"దండం వెట్టి ఫొటో తీసి, నిన్న గ్రూపుల ఏసిండు. ఇప్పటికి మూడు వందల మంది జూసిన్రు. నీ మీద నిలవడ్డ నర్సింగ్ ఏమన్నడో విన్నవా?"

"వినను."

"విను. 'మా ఆడబిడ్డల పండుగను చేపల పక్కన వెట్టినోడు మనకు ప్రెసిడెంటా' అన్నడు. నలభై మంది ఆయనకు దండాల బొమ్మలు వెట్టిన్రు."

"నలభయ్యే కదా."

"పోయినసారి నువ్వు గెల్సింది పదకొండు ఓట్లతోని."

"మంచినీళ్లు ఇలా ఇవ్వు."

"ఇస్తగని, ఒక్కటి చెప్పు. అయిదు బతుకమ్మలు పేర్చినం. ఆడినం. ఆడినంక అన్నీ నీళ్లల్ల ఇడ్సినం అనుకున్న. నాలుగే ఇడ్సినమని గిప్పుడు తెల్సింది. అయిదోది ఎందుకు దాచినవ్?"

"పువ్వులు బాగున్నాయని."

"పువ్వులు బాగున్నయని."

"మనామా బజారు నుంచి తెప్పించాం కదయ్యా, మన దేశం నుంచి విమానంలో వచ్చిన పువ్వులు. వదలబుద్ధి కాలేదు."

"వదలబుద్ధి గాలే. మీ దిక్కు వినాయకుణ్ణి గూడ నిమజ్జనం జెయ్యకుండ ఫ్రిజ్జుల పెట్టుకుంటరా?"

"పెట్టుకోం."

"మరి?"

"బుద్ధి గడ్డి తింది అని రాసెయ్. క్షమాపణ చెప్పేద్దాం."

"గట్ల రా దారికి. రాస్తున్న. 'నేను కోస్తా వాణ్ణి గాబట్టి బతుకమ్మ సంగతి తెల్వక...'"

"తెలీక అని రాయకు. తెలుసు."

"తెల్సే వెట్టినవా?"

"ఆ ఏసీ కాస్త పెంచు."

"ఏసీ ఫుల్లుగనే ఉన్నది. సరే, గా బతుకమ్మ యాడున్నది? మెస్సుల లేదు, నేను జూసొచ్చిన. తెచ్చి అందరి ముంగట నీళ్లల్ల ఇడుద్దాం, ఖలాస్ అయితది."

"వదిలేశాను."

"ఎప్పుడు?"

"సోమవారం."

"యాడ?"

"గలాలీ దగ్గర. సముద్రంలో."

"మన తుబ్లీల సముద్రం లేదా? గింత దూరంల నీళ్లు వెట్టుకొని గలాలీ దాకా ఎందుకు పోయినవ్? గలాలీల ఏమున్నది?"

"సముద్రం ఉంది."

"అన్నా. జరమొచ్చి వణుక్కుంట గూడ డ్యూటీకి పోయేటోనివి నువ్వు. సోమారం పనిదినం. పని ఇడ్సిపెట్టి, ఐసుల వెట్టిన బతుకమ్మను బండ్ల ఏసుకొని గలాలీ పోయినవ్. ఎవరి కోసం?"

"ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను."

"చెప్ప."

"ఒట్టెయ్."

"మా అవ్వ తోడు."

"ఇళ్లల్లో పనిచేసే అమ్మాయయ్యా. పండగ పోయిన శుక్రవారం పెట్టుకున్నాం కదా, మనందరికీ సెలవని. వాళ్లింటికి చుట్టాలొచ్చేదే శుక్రవారం. ఆ రోజు ముప్పై మందికి వండాలంట. ఫోన్ చేసి ఏడ్చింది. ఊహ తెలిసిన కాడ్నుంచి ఒక్క ఏడు కూడా బతుకమ్మ ఆడకుండా లేదంట. 'ఒక్కటి ఉంచన్నా, సోమవారం చెత్త పారేసే వంకతో పావుగంట బయటికొస్తా' అంది."

"నువ్వు ఉంచినవ్."

"ఉంచక? బయటుంచితే ఈ ఎండకి సాయంత్రానికే వాడిపోద్ది. ఫ్రీజర్‌లో ఆ చేపల్ని ఓ పక్కకి జరిపే పెట్టాను. ఫొటోలో మళ్లీ దగ్గరకొచ్చేశాయి."

"ఆడిందా మరి?"

"ఒక్కత్తే ఆడింది. నేను చప్పట్లు కొట్టాను."

"నువ్వా?"

"చుట్టూ తిరుగుతా పాడుతుంటే ఊరికే నిలబడి చూడమంటావా? రెండు పాటలయ్యేసరికి ఐసు కరిగి పువ్వులన్నీ నల్లబడ్డాయి. అయినా దండం పెట్టుకుని నీళ్లల్లో వదిలింది. మధ్యలో ఇంకా గడ్డకట్టే ఉంది కదా, చాలాసేపు తేలింది."

"నాకు కండ్లల్ల నీళ్లొస్తున్నయ్ అన్నా."

"నవ్వుతున్నావు నువ్వు."

"రెండూ వస్తున్నయ్. అరె, గిది చెప్తె నువ్వు గెల్సినట్టే. ఎవరామె?"

"చెప్పను. దొంగతనంగా బయటికొచ్చిందని ఇంటామెకి తెలిస్తే పని పోద్ది. మాటిచ్చాను."

"పేరొద్దు. గలాలీల ఒక ఆడబిడ్డ కోసం అని చెప్దాం."

"గలాలీలో మన సంఘం ఆడవాళ్లు ఎంతమందున్నారు?"

"ఒక్కతే. నర్సింగ్ పెండ్లాం కళ. ఓరి దేవుడా."

"అదీ సంగతి."

"నర్సింగ్ పెండ్లామా? ఆయన పెండ్లాం కోసం వెట్టిన బతుకమ్మ మీదనే ఆయన పొద్దటి సంది మొత్తుకుంటున్నడా?"

"అతనికి తెలీదు. సెలవు దొరకలేదని చెప్తే 'వీడియోలో చూసుకో' అన్నాడంట. అందుకే నాకు చేసింది. ఇప్పుడు తెలిస్తే, ఆ ఇంటామెతో గొడవకెళ్లి ఉన్న పని పోగొడతాడని ఆ పిల్ల భయం."

"నేను పోయి మైకుల చెప్పొస్త."

"కూచో. ఒట్టేశావు."

"మా అవ్వ పోయి పదేండ్లయింది."

"అయినా కూచో."

"పదవి పోతదన్నా."

"పోతే పోద్ది."

"ఇంకోపారి అను."

"పోతే... నిజంగా పోద్దంటావా?"

"పోతది."

"నాకు కావాలి లచ్చన్నా ఈ పదవి. నీ దగ్గర దాచేదేముంది. మా ఊళ్లో నన్ను 'గారు' అన్న మనిషి లేడు. ఇక్కడ ప్రెసిడెంటుగారూ అంటారు. జబ్బు చేసిన వాళ్ల దగ్గరికెళ్తే, మంచంలోంచి లేచి మరీ కుర్చీ చూపిస్తారు. రేపట్నుంచి అదంతా ఉండదనుకుంటే భయంగా ఉంది. కానీ ఆ పిల్ల పని పోగొట్టి దీన్ని తెచ్చుకోలేను."

"సరే తియ్. నేను గూడ చెప్ప. తలుపెవరో కొడ్తున్నరు, నువ్వు మొకం తుడుచుకో."

"లోపటికి రావచ్చునా అన్నా?"

"కళా? నువ్వేంటమ్మా, శుక్రవారం పూట?"

"సెలవడిగిన."

"ఎవర్ని?"

"మా మేడంను. అన్ని చెప్పిన. పూలు, ఐసు, పాటలు, నువ్వు చప్పట్లు కొట్టింది గూడ చెప్పిన. మస్తు నవ్వింది. ముందుగాలనే ఎందుకడగలేదని నన్నే కోపం జేసింది."

"కోప్పడిందా? అంతేనా? పని..."

"పని ఉన్నది. ఏడుగంటల దాక పొమ్మన్నది. నాకు అడగబుద్ధి గాలే, గంతే. భయమయింది."

"మీ ఆయనకో?"

"కింద కనవడ్డడు. ఆయనకు గూడ చెప్పిన. ఫోను జేబుల వెట్టుకున్నడు. ఇగ గా ఫొటో ముచ్చట ఎత్తడు."

"గెల్సినం అన్నా. నువ్విగ కూసో, చొక్కా నలిగితే నలిగింది."

"ఆగు లచ్చన్నా, నా మాట కాలే. నేనొక్కదాన్నే రాలే. గ్రూపుల ఫొటో జూసి, నాకు గూడ పండుగ దొరకలేదని తెల్సినోళ్లు ఒక్కొక్కరు నిన్నటి సంది ఫోన్ జేసుడు. మనామా నుంచి సత్యకుమారి, ఇంక చానమంది. వాళ్లకు గూడ పండుగనాడు సెలవు దొరకలేదట. మీ ఇండ్లల్ల మీరు గూడ అడుగున్రి అన్న. పద్దెనిమిది మందికి ఇచ్చిన్రు. అందరం కిందనే ఉన్నం."

"పద్దెనిమిది ఓట్లు."

"నువ్వుండు లచ్చన్నా. అమ్మా కళా, మీ అందరికీ ముందు వరసలో కుర్చీలు వేయిస్తాను. వచ్చే ఏడు మీకు వీలైన రోజే బతుకమ్మ. కావాలంటే నేనే ఇంటింటికీ వెళ్లి సెలవడుగుతాను. ఇది భీమరాజు మాట."

"నీ మాట మంచిదే అన్నా. నువ్వు జేసింది నేను సచ్చేదాక యాది మరువ. కనీ పండుగ ఏ దినమో పెట్టింది మీ మొగోళ్లు. ఫొటో మీద కొట్లాడేది మీ మొగోళ్లు. నడుమ ఒక్క ఆడిదాన్నన్న అడిగిన్రా?"

"అడగలేదమ్మా."

"లచ్చన్నా, నువ్వడిగినవా?"

"నేను పూలు తెచ్చిన."

"నాకు మైకుల మాట్లాడుడు అలవాటు లేదన్నా. మా ఆయనను అడుగుదామంటె ఆయన పేరు ఆయన చెప్పుకుంటడు. నమ్మి అడిగేటందుకు నాకు ఈడ నువ్వు తప్ప ఎవరున్నరు? గందుకే సక్కగ నీ దగ్గరికే వచ్చిన."

"అడుగమ్మా. ఏం కావాలన్నా చేస్తాను."

"నాలుగు గంటలకు మైకు తీసుకొని, ప్రెసిడెంటుకు కళ నిలవడ్తుందని నువ్వే చెప్పాలె."