చేరినట్టు ఒక ఫోను

కొండగట్టు మీద, తలనీలాలు తీసే షెడ్డు దగ్గర జమున. సౌదీ ఎడారిలో, నూనె బావులకు లారీలు నడిపే డ్రైవర్ల క్యాంపులో షోయబ్. ఇద్దరి మధ్య ఫోను.

"పండుకున్నడంటే లేపు అన్నా. ఒక్కసారి లేపి ఫోన్ చేతికియ్యి. నేను మాట్లాడుకుంట."

"జర ఆగు చెల్లె. ఇప్పుడే కన్ను మూసిండు. వారమంత డ్యూటీ చేసి అలిసిపోయిండు."

"ఇందాక చేసినప్పుడు గూడ ఇప్పుడే కన్ను మూసిండంటివి. అంతకు ముందు చేసినప్పుడు గూడ గదే మాట. ఎన్నిసార్లు మూస్తడు కన్ను?"

"నాకు జ్వరం చెల్లె. ఏం మాట్లాడుతున్ననో నాకే సమజైతలేదు."

"జ్వరమైతే గోలీ ఏసుకో. నా మొగన్ని లేపు. ఇక్కడ భవ్యశ్రీ పుట్టెంట్రుకలు. గుండు గీకేటాయన కత్తి పట్టుకొని కూసున్నడు. వాళ్ల బాపు వీడియోల కనవడ్డంకనే మొదటి ఎంట్రుక తియ్యాలె అనుకున్నం. ఆయనే అన్నడు, ఇయ్యాల నాకు రెస్టు, మంచిగ తానం చేసి కూసుంట అన్నడు."

"మెస్సుకు పోయిండు కావచ్చు."

"పండుకున్నడంటివి గద?"

"పండుకొని... లేచి పోయిండు కావచ్చు అంటున్న."

"నిన్ను దాటి ఎట్ల పోయిండు? కింది మంచం నీది, మీదిది ఆయనది. నువ్వు గురక పెడితే పై మంచం గూడ ఊగుతదని నవ్విండు నాతోని. దిగితే నీ మీదికెల్లే దిగాలె."

"జమునా! ఏమాయెనే? లేచిండా లేదా గీ పోరడు? గుండు గీకేటాయన ఇంకోల్లను పిలుస్తుండు ఆడ."

"లేస్తుండు మామా. జర పొల్లను ఎత్తుకో. ఎండలకు తీస్కపోకు, నీడకు నిలవడు. వస్తున్న... అన్నా, ఉన్నవా?"

"ఉన్న."

"మామను అవతలికి పంపిన. ఇగ ఎవలు ఇనరు. వీడియో పెట్టు. ఆయన మంచం చూపెట్టు నాకు."

"నెట్టు మంచిగ లేదు చెల్లె."

"నెట్టు మీదనే మాట్లాడుతున్నం గదన్నా. షోయబన్నా!"

"ఆఁ."

"ఆయన యాడున్నడు?"

"బండి మీద పోయిండు."

"ఎవల బండి మీద? ఆయనకు ఇయ్యాల బండి లేదు. వారంల నడిపే గంటలు నిండినయ్, ఇగ బిళ్ల పెట్టినా ఇంజన్ స్టార్టు కాదు అన్నడు. స్టీరింగ్ పక్కన పెట్టే బిళ్ల లేదా, ఒక్కో డ్రైవర్‌కు ఒకటి, గది."

"ఆయన బిళ్ల కాదు. నా బిళ్ల పెట్టుకొని పోయిండు."

"నీదెందుకు?"

"అరే, నాకు పొద్దుగాల లేవొస్తలేదు చెల్లె. క్యాంపు డాక్టర్ రెండు గోలీలు చేతిల పెట్టి, పో డ్యూటీకి అన్నడు. పోకపోతే ట్రిప్పు పైసలు పోతయ్. జీతం అనేది పేరుకు. ట్రిప్పు పైసలు ఉంటేనే మేము ఇంటికి పంపేది. రాకేశే అన్నడు, పండుకో భాయ్, నీ బిళ్ల ఇటియ్యి, నూనె బావి తవ్వే రిగ్గు కాడికి పైపులే గద, దించి దోపహర్ కంటే ముందే వస్త, ట్రిప్పు నీ పేరు మీద పడ్తది అన్నడు. మేము గిట్లనే చేస్తం. మొన్న ఆయనకు పంటి నొప్పి లేస్తే నేను పోయిన."

"గంటలు నిండిన మనిషి మల్ల ఎట్ల నడిపిండన్నా? నిద్రనే లేదు గద ఆయనకు?"

"అందరం నడుపుతం."

"మరి మధ్యాన్నం కంటే ముందే వస్త అన్నోడు రాలే గద ఇంక. గందుకేనా నువ్వు పండుకున్నడు, మెస్సుకు పోయిండు అంటున్నవ్?"

"వస్తడు. టైరు పంక్చరై ఉంటది. ఇసుకల ఏడనో దిగవడి ఉంటది. తీసుకొని వస్తడు."

"ఫోన్ చేసినవా?"

"ఆడ ఫోన్లు కలవయ్. క్యాంపు దాటితే సిగ్నలే ఉండదు."

"ఆఫీసోల్లకు చెప్పినవా అన్నా?"

"చెప్పేది ఉండదు చెల్లె. వాళ్లకే ఎరుకైతది. ఆడ ఒక పద్ధతి ఉన్నది. బండి పోయినంక ఇంత టైంకు చేరాలె అని రాసిపెడ్తరు. చేరినంక డ్రైవర్ ఫోన్ చేసి చేరిన అని చెప్పాలె. చెప్పకపోతే ఎంటనే ఎతకవోతరు. రెండు జీపులు పోతయ్."

"ఆఁ. గట్ల చెప్పు మరి, పానం పోయింది నాకు. అయితే పోయినయ్ గద జీపులు? ఆయన ఫోన్ చెయ్యలే గద?"

"చేరినట్టు ఫోన్ పోయింది."

"ఎవలు చేసిన్రు?"

"నేను."

"నువ్వా? నువ్వు రూంల ఉన్నవ్ గద?"

"బండి నా పేరు మీద పోయింది గద చెల్లె. ఆఫీసుల తెర ముందట కూసునేది సాయిచంద్ అని మన మంచిర్యాలాయన. నా గొంతు ఎరుకే ఆయనకు. రిగ్గు కాడ ఒక్కటే కంపెనీ ఫోన్ ఉంటది, రాకేశ్ ఆడికెల్లి చేస్తే సాయిచంద్ గొంతు గుర్తు పడ్తడు. గందుకు టైం చూసి రూంలకెల్లి నేనే చేసిన. సాయిచంద్, నేను షోయబ్, చేరిన అన్న. సరే భాయ్ అన్నడు. ఎప్పుడు గిట్లనే చేస్తం. ఎన్నడు ఏం కాలే."

"అంటే... ఆఫీసుల ఆయన చేరిండనే ఉన్నది."

"నేను చేరిన అనే ఉన్నది."

"ఎవలు ఎతుకుతలేరు. అన్నా, ఎవలు ఎతుకుతలేరా ఆయనను?"

"చేరిండేమో చెల్లె. రిగ్గు కాడ ఉన్నడేమో. పైపులు దించుటానికి క్రేన్ దొరకకపోతే పొద్దంత అయితది ఒక్కోసారి."

"నా మీద ఒట్టేసి చెప్పు. చేరిండని నువ్వు అనుకుంటున్నవా?"

"ఒట్లెందుకు..."

"నీ బిడ్డ ఇఖ్రా మీద ఏసి చెప్పు."

"చెల్లె, ఇఖ్రాను తేకు."

"అయితే నీకెరుకే. ఏదో ఎరుకున్నది నీకు. చెప్పు."

"నాగయ్య వచ్చిండు. ఆదిలాబాదాయన. ఆయన గూడ గదే రిగ్గుకు సిమెంట్ తీస్కపోయి వచ్చిండు. పైపులు రాలే అన్నరట ఆడోల్లు. తొవ్వల గూడ బండి కనవడలే అన్నడు."

"ఎప్పుడు చెప్పిండు గీ మాట?"

"ఇందాకనే."

"ఇందాక అంటే?"

"దోపహర్ నమాజ్‌కు ముందుగాల."

"నమాజ్‌కు ముందుగాల చెప్తే, నమాజ్ చేసుకొని వచ్చి పండుకున్నవా అన్నా?"

"పండుకోలే! అల్లా కసం, పండుకోలే. మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కి దిగిన. చెయ్యి పోతలేదు తలుపు మీదికి."

"తొవ్వల కనవడలే అంటే యాడికి పోయినట్టు?"

"అడ్డ తొవ్వ పట్టిండు కావచ్చు. తారు రోడ్డు చుట్టు తిరిగి పోతది. ఇసుకలకెల్లి పాత తొవ్వ ఒకటున్నది. ఆడికెల్లి పోతే జల్ది వస్తమని... మాకు గంటల మీద పైసలు కాదు గద, ట్రిప్పు మీద. అందరం అట్లనే పోతం. ఇయ్యాల ఆయనకు ఇంకింత తొందర."

"ఎందుకు?"

"నీకెరుకే గద చెల్లె."

"చెప్పు, ఎందుకు?"

"బిడ్డ గుండు టైంకు వీడియోల కూసోవాలె అన్నడు. నేను కనవడకపోతే జమున పొల్ల మీద కత్తెర పెట్టనియ్యదు అన్నడు. చెల్లె, ఏడవకు. జమునా."

"ఏడుస్తలేను. నీళ్లున్నయా ఆయన కాడ?"

"ఒక కూలర్ ఉంటది."

"నిండుగనా?"

"పొద్దుగాల నింపుకున్నడు."

"ఆడ ఎండెట్లున్నది?"

"ఎండ సంగతి అడగకు చెల్లె."

"బండి ఆగిపోతే లోపట ఏసీ ఉండదు గద. ఇనుప డబ్బల కూసుంటడా, దిగి నడుస్తడా?"

"దిగొద్దు. దిగితే ఇగ దొరకడు. ఎరుకే ఆయనకు. బండి ఇడిసిపెట్టొద్దని అందరికి చెప్తరు."

"అయితే బండిలనే కూసున్నడు. ఎవలో ఒకలు వస్తరని చూసుకుంట కూసున్నడు. ఎవలు వస్తలేరు. లెవ్వు అన్నా. పో ఆఫీసుకు."

"పోతే ఏమైతదో ఎరుకేనా నీకు?"

"నాకెందుకు ఎరుకైతది?"

"వేరేటోని బిళ్ల మీద బండి నడిపితే ఇద్దర్ని పోలీసులకు ఇస్తరు. ఆడికెల్లి ఇంటికి. మల్ల ఏ కంపెనీల స్టీరింగ్ ముట్టనియ్యరు. నా మీద ముందే ఒక తప్పు రాసి ఉన్నది. అబ్బాకు వారానికి రెండుసార్లు కరీంనగర్ దవఖానల మిషన్ మీద రక్తం కడిగిపియ్యాలె. నేను జైల్ల ఉంటే, నా పెండ్లాం షకీలా ఆ పైసలు ఎక్కడికెల్లి తెస్తది? నాకు వయసైంది చెల్లె. కొత్తగ ఎవలు పెట్టుకుంటరు నన్ను?"

"మీ అబ్బాకు రక్తం కడిగిపిస్తరు. మరి నా బిడ్డ బాపును ఎవలు తెచ్చిస్తరు?"

"నాగయ్యను మల్ల పోయి చూసి రమ్మన్న. ఆయనకు ట్రిప్పు పడంగనే..."

"ఎప్పుడు పడ్తది?"

"పొద్దుగూకినంక."

"పొద్దుగూకినంక ఏం తెస్తడన్నా నాగయ్య? ఏం తెస్తడు నాకు?"

"గట్ల మాట్లాడకు."

"నీ జ్వరానికి పోయిండాయన. నీ పైసలు పోవద్దని పోయిండు. నీ పేరు మీద పోయి ఇసుకల కూసున్నడు. నీ పేరు మీదనే చచ్చిపోవాల్నా?"

"చెల్లె!"

"సరే, ఇను. నేనొకటి చెప్త. బిళ్ల నువ్వు ఇయ్యలే. నువ్వు జ్వరం మీద తెలివిలేక పడి ఉన్నవ్. ఆయన నీ దిండు కిందికెల్లి దొంగతనంగ తీసుకపోయిండు. గట్ల చెప్పు."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"ఆ చేరిన అన్న ఫోన్ గూడ ఆయనే ముందుగాల చెప్పిపిచ్చిండని చెప్పు. బెదిరిచ్చిండని చెప్పు. నేను గూడ గట్లనే చెప్త. నా మొగడు దొంగ అని నా నోటితోని చెప్త. మామతోని గూడ చెప్పిపిస్త. పోలీసులు ఆయననే పట్టుకోనియ్యి. జైల్ల పెట్టనియ్యి. జైల్ల ఉంటే బతికి ఉన్నడనన్న ఉంటది. నువ్వు లెవ్వు."

"రాకేశ్‌ను దొంగ అనాల్నా నేను?"

"అను. నాకేం బాధ లేదు. లేచినవా?"

"లేచిన చెల్లె, చెప్పులు దొరుకుతలేవు."

"చెప్పులు లేకున్నా పో. గోడ పట్టుకొని పో. ఫోన్ పెట్టకు."

"జమునా, ఎంతసేపే? పొల్ల ఏడుస్తుంది. ఏమంటుండు మావోడు?"

"మామా, ఇయ్యాల గుండు వద్దు. గీకేటాయనకు చెప్పు, వద్దని."

"వద్దా? మొక్కు పెట్టుకొని కొండెక్కినంక వద్దంటవేందే? స్వామి ముంగట గీ మాట అంటరా?"

"మొక్కు యాడికి పోదు. ఆయన కనవడ్డంకనే తీద్దాం. ముందుగాల పొల్లకు నీళ్లు తాపు... అన్నా, యాడిదాక వచ్చినవ్?"

"మెట్ల కాడికి."

"ఎక్కు."

"ఎక్కుతున్న."

"ఎక్కినవా?"

"తలుపు కాడున్న. చెల్లె, నువ్వు ఫోన్ పెట్టెయ్యి. లోపట ఏం మాటలు పడ్తయో."

"పెట్ట. తలుపు తియ్యి."

"సాయిచంద్..."

"అరే, షోయబ్ భాయ్! నువ్వు గీడున్నవేంది? నువ్వు రిగ్గు కాడ ఉన్నవ్ గద?"

"నేను పోలే సాయిచంద్. ఆ బండి రాకేశ్ తీస్కపోయిండు."

"రాకేశా? ఆయనకు గంటలే లేవు. ఎవల బిళ్ల మీద పోయిండు?"

"నా బిళ్ల మీద."

"నీ బిళ్ల ఆయనకెట్ల దొరికింది? నువ్విచ్చినవా, ఆయనే ఎత్తుకపోయిండా? జల్ది చెప్పు భాయ్, నేను రాయాలె. దీని మీదనే ఉంటది నీ నౌకరి."

"చెప్పన్నా! నేను చెప్పినట్టు చెప్పు! ఎత్తుకపోయిండని చెప్పు!"

"ఫోన్ల ఎవలది ఆ మొత్తుకునుడు?"

"రాకేశ్ భార్య. ఆమె చెప్పేది రాయకు. నేనే ఇచ్చిన. నా చేతులతోని ఇచ్చిన. పొద్దుగాల చేరిన అని నీకు ఫోన్ చేసింది గూడ నేనే, మంచం మీదికెల్లి చేసిన. ఆయన చేరలే సాయిచంద్. నాగయ్య చూసి వచ్చిండు, పైపులు రిగ్గుకు పోలే. పాత తొవ్వల యాడనో పడ్డడు. నన్ను పోలీసులకిస్తవా, ఇయ్యి. ముందుగాల జీపు పంపు."

"ఆగు. ఆగు భాయ్. ఆ బండిల మనిషి ఉన్నడా?"

"ఉన్నడు. పొద్దటి సంది."

"పంపుత, పంపుత. జీపులు గిప్పుడే పంపుత. కని భాయ్... బండిల ఆపతికి కొట్టే ఎర్ర బటన్ ఉంటది గద. ఫోన్ కలవకున్నా అది నా తెర మీద మోగుతది. పొద్దటి సంది నీ బండికెల్లి అది మోగుతనే ఉన్నది. నువ్వేమో చేరిన అన్నవ్. తెర మీద నీ బండి చుక్కేమో ఉత్త ఇసుకల కనవడ్తుంది. మిషన్ ఖరాబై ఊకె మోగుతుందనుకొని, మోగినప్పుడల్ల నేనే బంద్ చేస్తున్న. నువ్వు తలుపు తీసే ముందట గూడ ఒకటి బంద్ చేసిన."